నలభై రెండోది

పలమనేరు కోర్టు ఎదుట, రేకుల చావిట్లో
నా టైపు మిషను.
దాంట్లో 'క' సరిగా పడదు, రెండుసార్లు కొట్టాలి.
చెంగప్ప దావా పుట్టింది దాని మీదే.
వాది: కురబ చెంగప్ప, గుండ్లకుంట.
ప్రతివాది ఒకటి: రాష్ట్ర ప్రభుత్వం, కలెక్టరు ద్వారా.
ప్రతివాది రెండు: జిల్లా అటవీ అధికారి.
ఒక పక్క ఒక మనిషి, ఒక కంబళి.
ఇంకో పక్క నా వేళ్ళు నొప్పి పుట్టేన్ని హోదాలు.

"మేపుకునే హక్కు అని రాయమ్మా" అన్నాడు వకీలు.
"హక్కా? అది మాకు యాడుంది సామీ?
మేపతా ఉండాం, అంతే" అన్నాడు చెంగప్ప.
ఆ మాట ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.
నాలుగో పేరాలో "అనాదిగా" అని కొట్టాను.

గుట్ట ఒకటే.
రెవెన్యూ పటంలో మేత పోరంబోకు,
అడవోళ్ళ పటంలో కంపార్ట్‌మెంటు నూటపదకొండు.
చెంగప్ప నోట అది ఒక్క పేరు కాదు:
బలుసు పొదల దిన్నె, ఉప్పునాకే బండ,
పొద్దుగూకులూ నీడుండే వంక,
అవ్వ కాలు జారిన చోటు.
ఇవేవీ షెడ్యూలులో పట్టలేదు.
షెడ్యూలుకు నాలుగు దిక్కులు చాలు.

బోనెక్కించారు.
సర్కారు వకీలు మెత్తగా అడిగాడు, అల్లుణ్ణి పలకరించినట్టు:
"గుట్ట మీద సున్నం కొట్టిన రాళ్ళ కుప్పలు చూసినావా?"
"చూడకేం సామీ, మా జేజినాయన పేర్చినవే గదా.
దొరల కాలంలో, కుప్పకు అర్ధణా.
మోసి మోసి ఆయన భుజం ఒక పక్కకు వాలిపాయ,
సచ్చేదాకా నిలబడలే."
గర్వంగానే చెప్పాడు.
మా వకీలు కళ్ళు మూసుకున్నాడు.
"హద్దు అప్పటికే ఉన్నట్టు వాది ఒప్పుకున్నాడు,
నోట్ చేసుకోవాలి."
చేసుకున్నారు.
భుజం సంగతి నోట్ కాలేదు.

తరవాత వాయిదా. మళ్ళీ వాయిదా.
ఒకసారి సర్వేయరు రాలేదు, ఒకసారి గొలుసు లేదు,
ఒకసారి గుట్ట మీద ఏనుగులు దిగాయి.
ఏనుగులకు సమను పంపినవాళ్ళు లేరు.

ఈలోగా మందను తోలుకుపోయారు.
రశీదు: "గొర్రెలు నలభై ఒకటి, రంగు వివిధము."
కాగితం తిప్పి తిప్పి చూసి,
"వివిధం అనే గొర్రె నా మందలో లేదమ్మా" అన్నాడు.

పదకొండు రోజులు, రేంజి ఆఫీసు వెనక కంచెలో.
జరిమానా కట్టాలంటే ఆరింటిని అమ్మాలి,
అమ్మాలంటే అవి బయట ఉండాలి.
ఎవరి దగ్గర వడ్డీకి తెచ్చాడో చెప్పలేదు.

విడిపించే రోజు నేనూ వెళ్ళాను, కాగితాలు చదవడానికి.
గార్డు గేటు దగ్గర వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు.
ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి.
ఆ వెనక, ఒళ్ళు ఇంకా తడి ఆరకుండా,
పొదుగు ఎటుందో తెలియక
గేటు ఊచను నాకుతూ ఒకటి.

"దీనికి రశీదు లేదే."
కుర్రాడు, కొత్తగా వచ్చాడు, నిజంగానే తికమకపడ్డాడు.
సర్కారు కంచెలో పుట్టింది.
రిజిస్టరు తిరగేశాడు, పుట్టుకకు గడి లేదు.
రేంజరుకు ఫోను కలిపాడు.

చెంగప్ప ఏమీ అనలేదు.
కంబళి దులిపి, వంగి,
దాన్ని లోపల చుట్టుకుని నడిచాడు,
ఎడమ భుజం కాస్త వాల్చి.
తల్లి అరుస్తూ వెంటపడింది, మంద తల్లి వెంట.
గార్డు ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాడు.
అవతల ఎత్తారో లేదో,
మేం మలుపు తిరిగేదాకా మాట వినపడలేదు.

వచ్చే వాయిదా పద్దెనిమిదో తారీఖు.
మందలో ఎన్ని అని మళ్ళీ అడుగుతారు.
ఎంతని కొట్టాలో
చెంగప్పను నేనింకా అడగలేదు.